పాఠకుల ప్రశ్నలు: చైనా లిపికళ ఎవరి శైలితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఉద్యోగరీత్యా రెండేళ్లుగా సింగపూర్‌లో ఉంటున్నాను. ఈమధ్యే చైనా లిపికళ తరగతిలో చేరాను. మొదట కైషు లిపి నేర్చుకోవాలనీ, అందులో ఔయాంగ్, యెన్, ల్యూ, జావ్ అనే నలుగురి శైలుల్లో ఒకటి ఎంచుకుని రమ్మనీ మా గురువుగారు చెప్పారు. యెన్ అక్షరాలు లావుగా, మోటుగా ఉంటాయనీ, ఔయాంగ్‌వే అందమైనవనీ తోటి విద్యార్థిని ఒకామె అంటున్నారు. అసలు కంప్యూటరులో దొరికే కైషు ఫాంటు చూసి దిద్దితే సరిపోదా? ఎలాంటి కుంచె కొనుక్కోవాలో కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, సింగపూర్

జవాబు: ముందుగా ఫాంటు సంగతి తేల్చేద్దాం. కైషు అంటే ప్రతి గీతనూ విడివిడిగా, నిలకడగా రాసే లిపి. థాంగ్ వంశ కాలంలో (618–907) ఇది పూర్తి రూపం దిద్దుకున్నది. మీ గురువుగారు చెప్పిన నలుగురిలో ముగ్గురు ఆ కాలంవారే. జావ్ మెంగ్‌ఫు (1254–1322) ఒక్కరే తరవాతి యువాన్ వంశపు రోజులవారు. ఫాంటు చదువుకోవడానికి తయారైనది కనుక, కుంచె ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో, ఎక్కడ క్షణంపాటు ఆగిందో అందులో చాలావరకు సాపైపోయి ఉంటుంది. మీరు నేర్చుకోవలసింది సరిగ్గా అదే. అందువల్ల పాత శాసనాల నకళ్లనే ఎదురుగా పెట్టుకోండి. మన శాసన పరిశోధకులు రాతిమీద తడి కాగితం అద్ది, పైన సిరా పట్టించి ఎస్టాంపేజీ తీస్తారు కదా, అక్కడి పద్ధతీ దాదాపు అదే. నల్లని నేలమీద తెల్లని అక్షరాలు తేలతాయి.

మీ తోటి విద్యార్థిని మాట సగమే నిజం. చక్రవర్తి వేసవి విడిదిలో బయటపడిన నీటి ఊటను గురించి ఔయాంగ్ షున్ (557–641) తన 75వ ఏట, 632లో, రాసిన జ్యూచెంగ్ ప్రాసాద శాసనం కైషుకు పరాకాష్ఠ అని చెప్పేవారు ఎందరో ఉన్నారు. అక్షరం నిలువుగా, ఒద్దికగా ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య వదిలిన ఖాళీ సైతం కొలిచి పెట్టినట్టుంటుంది. కొత్తవారికి చిక్కు కూడా అక్కడే వస్తుంది, ఎందుకంటే అంత బిగువైన కట్టడంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అక్షరం ఒరిగిపోయినట్టు కనిపిస్తుంది, తప్పు చేతిదో చూపుదో తెలుసుకునే అనుభవం అప్పటికి ఇంకా ఉండదు. పైగా వందల ఏళ్లుగా నకళ్లు తీయడంవల్ల ఆ రాయి బాగా అరిగిపోయింది.

యెన్ జెన్‌చింగ్ (709–785) దారి వేరు. ‘ద్వారం’ అనే అర్థమున్న అక్షరంలోని రెండు నిలువు గీతలను చూడండి: యెన్ చేతిలో అవి కుండ పక్కల్లా బయటికి ఉబ్బుతాయి, ఔయాంగ్ చేతిలో నడుము బిగించినట్టు లోపలికి వంగుతాయి. యెన్ అడ్డగీతలు సన్నగా, నిలువు గీతలు లావుగా ఉంటాయి. మోటుతనమని ఆమె అంటున్నది ఈ లావునే అయితే, మీకు నేను యెన్‌నే సూచించడానికి కారణం కూడా ఆ లావే. మనం బాల్‌పెన్నుతో గుండ్రని అక్షరాలు రాస్తూ పెరిగినవాళ్లం. మన పూర్వులు తాటాకు మీద గంటంతో గీసినవాళ్లు. రెండింటిలోనూ గీత మందం పెద్దగా మారదు. మన చేతికి తిప్పడం బాగా తెలుసు గాని, ఒత్తి ఎత్తడం తెలియదు; ఆ లోపాన్ని దాచనివ్వని శైలి యెన్‌ది.

‘పెద్ద’ అనే అర్థమున్న మూడు గీతల అక్షరంతో పరీక్షించుకోండి. కుడివైపు దిగే ఆఖరి గీత సన్నగా మొదలై, జారుతున్నకొద్దీ ఒత్తిడి పెరిగి, పాదం దగ్గర కుంచె వెంట్రుకలన్నీ విచ్చుకునేదాకా వెళ్లి ఆగాలి. అక్కడినుంచి మెల్లగా ఎత్తుతూ పక్కకు మొనగా తీసుకుపోవాలి. ఆగకుండా జారిపోతే గీత చీపురుపుల్లలా తేలిపోతుంది, ఎక్కువసేపు ఆగితే సిరా కాగితంలోకి పాకి ముద్దవుతుంది. వంకరగా వచ్చినదాన్ని మాత్రం మళ్లీ దిద్దకండి, కొత్తగా రాయండి.

యెన్ రాసినవాటిలోనూ ఏది అన్న ప్రశ్న ఉంది. ఆయన తన 43వ ఏట, 752లో, రాసిన త్వొబావ్ స్తూప శాసనాన్ని కొత్తవారికి ఎక్కువమంది ఇస్తారు. అది చక్కగా, ఒకే తీరుగా ఉంటుంది, కాని నా దృష్టిలో ఆ ఒకే తీరు కొన్నాళ్లకు చేతిని బిగదీస్తుంది. 70 ఏళ్ల వయసులో, 779లో, తన ముత్తాత యెన్ చిన్‌లీ స్మృత్యర్థం రాసిన శాసనాన్ని నేను ముందు పెడతాను. చాలాకాలం మట్టిలో ఉండిపోయి 1922లో షియాన్‌లో బయటపడినది కనుక దాని అక్షరాల అంచులు స్పష్టంగా మిగిలాయి. రెండు రాళ్లూ ఇప్పుడు షియాన్ శిలాశాసనాల మ్యూజియంలోనే ఉన్నాయి. ఒక జాగ్రత్త: మూలలో కనిపించే కొంత పదును కుంచెది కాదు, ఉలిది. దానికోసం కుంచె మొనతో కోణాలు చెక్కనవసరం లేదు.

ల్యూ గొంగ్‌చ్వెన్ (778–865) అక్షరాల్లో మలుపులు ఎముకల్లా గట్టిగా ఉంటాయి. మణికట్టు కుదిరాక చూడవచ్చు. జావ్ శైలి జాలువారే లిపివైపు వెళ్లాలనుకునేవారికి అనువైనది. మన ధాన్యకటకాన్ని చూసి వెళ్లిన యాత్రికుడు షువాన్ జాంగ్ అనువాదాలకు చక్రవర్తి రాసిన ముందుమాటను ఛూ స్వెయ్‌ల్యాంగ్ 653లో కైషులో రాశారు. తెలుగువారికి మనసు లాగుతుంది గాని, ఆ సన్నని, కదిలే గీత మొదటి ఏడాదికి తగినది కాదు.

ఇంతా చెప్పాక ఒక మినహాయింపు. మీ గురువుగారి సొంత చేయి ఔయాంగ్ బాటలోనిదైతే ఔయాంగ్‌నే ఎంచుకోండి. పక్కన కూర్చుని రాసి చూపించే మనిషి చేయి ఏ పుస్తకానికన్నా ఎక్కువ. ఏది ఎంచుకున్నా, కనీసం ఏడాదిపాటు మార్చకండి.

కుంచె విషయానికి వస్తే, మేక వెంట్రుకది మరీ మెత్తన, కొత్త చేతికి లొంగదు. తోడేలు వెంట్రుకగా పిలిచేది నిజానికి ముంగిసలాంటి వీజెల్ అనే జంతువు తోకది, అది బిరుసు. రెండూ కలిపి కట్టిన మధ్యరకం కుంచె ఒకటి చాలు, ఖరీదైనది అక్కరలేదు. మూడంగుళాల గడిలో ఒక అక్షరం పట్టే పరిమాణంలో తీసుకోండి. రాయడం అయిన వెంటనే వెంట్రుకల మొదళ్లదాకా కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయండి. మొదళ్లలో సిరా ఎండిపోతే కుంచె మళ్లీ మొన కట్టదు.