మినియేచర్ బేస్ మీద మంచు తెల్లగా కాకుండా మసగ్గా ఎందుకు కనిపిస్తుంది?

మంచులా కనిపించడానికి చల్లే పొడిలో, రేణువుల మధ్య గాలి ఉండాల్సిన ఖాళీలను జిగురు నింపేయడం వల్లే మోడల్ బేస్ (చిన్న నమూనా బొమ్మను నిలబెట్టే పీఠం) మీద వేసిన మంచు మసకబారుతుంది. మంచు స్ఫటికానికి సొంతంగా తెలుపు లేదు. స్ఫటికానికీ గాలికీ మధ్య ఉండే లెక్కలేనన్ని అంచుల దగ్గర వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి మనకు తెల్లగా కనబడుతుంది. పంచదార నీళ్లలో తడిస్తే తెలుపు పోతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

ఉదాహరణకు 1/35 స్కేల్ (అసలు సైజులో 35వ వంతు) యుద్ధ ట్యాంకు బేస్ తీసుకోండి. 30 సెంటీమీటర్ల మంచు అంటే ఆ స్కేల్లో సుమారు 8.5 మిల్లీమీటర్లు. ఆ మందమంతా జిగురు కలిపిన పొడితో కట్టకూడదు. అడుగున ఫోమ్‌తోనో పుట్టీతోనో ఎత్తు తెచ్చి, తెల్ల యాక్రిలిక్ పెయింట్ వేయాలి. అది ఆరాక పల్చగా తెల్ల జిగురు రాసి, గాజు మైక్రోబెలూన్ల (లోపల బోలుగా ఉండే అతిచిన్న గాజు గోళాల) పొడిని సన్నని జల్లెడతో చల్లాలి. ఈ పొడి పీల్చడం మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి.

జిగురులో తెల్ల పెయింట్ ఎక్కువ కలిపితే చాలని చాలామంది అనుకుంటారు. దాంతో వచ్చేది లోతు లేని తెల్లటి పూత మాత్రమే. వంటసోడా చవకే గానీ, కొంతకాలానికి పసుపు తిరగొచ్చు, వాడకపోవడమే నయం. ట్యాంకు ట్రాకుల (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీల) కింద కరిగిన మంచు చూపించాలంటే మాత్రం అక్కడ జిగురు ఎక్కువే వేయండి.