రేడియేషన్ ఆంకాలజీ: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలో హౌస్ సర్జన్సీ చేస్తోంది. రేడియేషన్ ఆంకాలజీలో ఎండీ చేస్తానంటోంది. నిత్యం రేడియేషన్ మధ్య ఉంటే రేపు పిల్లలు పుట్టడం కష్టమని మా అత్తగారు, సొంత క్లినిక్ పెట్టుకునే వీలుండదని మావారు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ అత్తగారి భయానికి ఆధారం లేదు గానీ, మీవారి మాటలో నిజముందండి.

ముందు భయం సంగతి చూద్దాం. క్యాన్సర్‌కు రేడియేషన్ కిరణాలతో చేసే, మన ఊళ్లలో కరెంటు పెట్టడం అని చెప్పుకునే ఈ చికిత్స నడిచేటప్పుడు గదిలో రోగి తప్ప ఎవరూ ఉండరు. సిబ్బంది మందపాటి కాంక్రీటు గోడల వెలుపల కూర్చుని కెమెరాలో చూస్తుంటారు. నేడు ఎక్కువగా వాడే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రాన్ని ఆపేస్తే కిరణాలూ ఆగిపోతాయి. సిబ్బంది ధరించే టీఎల్‌డీ బ్యాడ్జి వారికి సోకిన మోతాదును లెక్కిస్తుంది. అణుశక్తి నియంత్రణ బోర్డు నిబంధన ప్రకారం అది ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం దాల్చిన ఉద్యోగిని ఆ విషయం తెలియజేస్తే, అప్పటినుంచి గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్టు మించకుండా విధులు మారుస్తారు.

అసలు ఈ డాక్టరు రోజులో ఎక్కువ భాగం గడిచేది యంత్రం దగ్గర కాదు, కంప్యూటరు ముందూ ఓపీలోనూ. గొంతు క్యాన్సర్ రోగినే తీసుకోండి. సీటీ స్కాన్‌లోని పొర తర్వాత పొరలో కణితినీ, లింఫు గ్రంథులనూ, కాపాడవలసిన లాలాజల గ్రంథులనూ, వెన్నుపామునూ చేత్తో గీసి గుర్తించాలి. దీన్నే కాంటూరింగ్ అంటారు. కణితికి 66 నుంచి 70 గ్రేలు (చికిత్సలో ఇచ్చే రేడియేషన్ మోతాదుకు కొలత) అందాలి, వెన్నుపాముకు సాధారణంగా 45 గ్రేలు మించకూడదు. ఆ గీతలను బట్టి రేడియేషన్ లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్టు ప్లాను తయారుచేస్తే, దాన్ని ఆమోదించే బాధ్యత డాక్టరుదే. పైగా ఆ చికిత్స వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది కనుక, నోరు పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేని రోగికి ధైర్యం చెప్పి, అవసరమైతే ముక్కు గొట్టం వేయించి, మధ్యలో మానేయకుండా చివరిదాకా నడిపించడం కూడా ఆమె పనే.

ఎండీ గానీ, దానికి సమానమైన డీఎన్‌బీ గానీ మూడేళ్లు. చెన్నైలో 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారి చొరవతో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి ఈ చదువుకు పేరున్న చోట్లు. సీటు ఎంచుకునేటప్పుడు భవనాల హంగు కన్నా రోగుల సంఖ్యనూ, బ్రాకీథెరపీ, అంటే రేడియేషన్ మూలాన్ని కణితి దగ్గరే ఉంచి చేసే చికిత్స, ఎంత తరచుగా చేస్తారన్నదాన్నీ విచారించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను రేడియేషన్‌తో నయం చేయాలంటే సాధారణంగా అది తప్పనిసరి. చేత్తో చేస్తేనే వచ్చే విద్య.

ఇక క్లినిక్ మాట. యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది, దానికి ప్రత్యేక కట్టడం, అనుమతులు కావాలి. కాబట్టి యంత్రం ఉన్న ఆసుపత్రిలోనే ఉద్యోగం. ఇష్టం లేనివారికి ఇది పెద్ద లోపమే, నేను కాదనను. అయితే విశాఖ, తిరుపతి వంటి చోట్ల కూడా చికిత్స అందుతోంది కనుక మహానగరానికే కట్టుబడనక్కరలేదు.

హౌస్ సర్జన్సీలో ఉండగానే వీలు చూసుకుని ఒక వారం ఆ విభాగపు ఓపీలో కూర్చోమనండి. ముఖ్యంగా చికిత్స ఐదో వారంలో ఉన్న రోగులను చూశాక నిర్ణయించుకోమనండి.

ప్రశ్న: నేను ఫిజిక్స్‌లో బీఎస్సీ చదువుతున్నాను. ఈ రంగంలోకి రావచ్చా?
– ఒక విద్యార్థి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: డాక్టరుగా కాదు, మెడికల్ ఫిజిసిస్టుగా రావచ్చు. ఫిజిక్స్ ఎమ్మెస్సీ తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చేయడం ఒక దారి. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లోనే ఎమ్మెస్సీ ఉంది. ఏ కోర్సులో చేరినా, దానికి అణుశక్తి నియంత్రణ బోర్డు గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి.