50 దాటాక ముఖం బాగా పొడిబారుతోంది, మాయిశ్చరైజర్ ఇంట్లోనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చండి. నాకిప్పుడు 57. నెలసరి ఆగిపోయిన ఏడాదిలోనే నా ముఖం తీరు మారిపోయింది. ముఖం తుడుచుకున్న ఐదు నిమిషాలకే చెంపలు బిగుసుకుపోయేవి, నోటి పక్కన పొట్టు లేచేది. అంతకుముందు నాది జిడ్డు చర్మం కాబట్టి ఏం చేయాలో తోచలేదు. ముఖం కడగ్గానే లాగేసినట్టు ఉంటోందని మీరు రాసింది చదివితే ఆ రోజులే గుర్తొచ్చాయి.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, చాలామంది అదే చేస్తున్నారు. కలబంద గుజ్జు, రోజ్‌వాటర్, బాదం నూనె కలిపి తెల్లగా అయ్యేదాకా చిలికి సీసాలో పెట్టాను. చూడ్డానికి కొన్న క్రీములాగే ఉంది. నాలుగో రోజుకి నూనె పైకి తేలింది. మళ్లీ కలిపి వాడాను. పదో రోజుకి మూత అంచున బూజు! ఆలోపే గడ్డం మీద ఎర్రటి పొక్కులు లేచాయి, తగ్గడానికి రెండు వారాలు పట్టింది. నీళ్లు కలిసిన క్రీములో సరైన ప్రిజర్వేటివ్, అంటే పాడవకుండా ఆపే పదార్థం, లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజు కంటికి కనిపించేసరికే అది పాడై చాలా రోజులైనట్టు. విటమిన్ ఇ వేస్తే నిల్వ ఉంటుందని చెప్తుంటారు, నమ్మకండి. అది నూనె ముక్కిపోయిన వాసన రాకుండా కొంతకాలం ఆపుతుంది కానీ బ్యాక్టీరియాని ఆపలేదు.

అందుకే ఇప్పుడు నేను చేసేదానిలో చుక్క నీరు ఉండదు. తడి అనేది ముఖం మీద ఉండాలి, సీసాలో కాదు.

నా కొలతలు ఇవి: షియా బటర్ (షియా గింజల నుంచి తీసే వెన్నలాంటి కొవ్వు) 20 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె 26 గ్రాములు, తేనెమైనం 4 గ్రాములు. చిన్న త్రాసు ఉంటే మంచిది, చెంచా కొలతలైతే ఒకసారి గట్టిగా, ఒకసారి నీళ్లగా వస్తుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి ముందు మైనం, నూనె కలిపి కరిగించండి. మైనం కరగడానికి 65 డిగ్రీల దాకా వేడి కావాలి, షియా బటర్‌కి అంత అక్కర్లేదు. కాబట్టి దింపేశాక ఆ వేడిలోనే షియా వేసి కలపండి. పొడి సీసాలో పోసి వెంటనే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. నెమ్మదిగా చల్లారితే షియా రవ్వరవ్వగా గడ్డకడుతుంది. అలా అయినా పాడైనట్టు కాదు, మళ్లీ కరిగించి త్వరగా చల్లార్చితే సరి.

నూనె విషయంలో మాత్రం నాకు పట్టుదల ఉంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, చర్మం పైపొరకి అది మేలు చేస్తుంది. ఆలివ్ నూనెలో ఒలియిక్ ఆమ్లం అనే ఇంకో రకం ఎక్కువ. దాన్ని నేరుగా రోజూ రాస్తే ఆ పొర దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. పొడి చర్మానికి ఆలివ్ రాయమని అందరూ ఎందుకు చెప్తారో నాకు అర్థం కాదు. సీసా మీద హై ఒలియిక్ అని రాసి ఉంటే అది పొద్దుతిరుగుడే అయినా వద్దు.

ఇక రాసుకునే పద్ధతి. నాకు తేడా తెలిసింది క్రీము వల్లకంటే దీనివల్లే. గోరువెచ్చటి నీళ్లతో కడుక్కుని, టవల్‌తో రుద్దకుండా అద్దండి. తడి ఇంకా ఉండగానే అరచేతిలో చెంచాడు నీళ్లు, రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలిపి ముఖానికి పట్టించండి. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, కానీ దాన్ని నీళ్లు కలపకుండా రాయకూడదు. దానిమీద శనగగింజంత క్రీము వేళ్ల మధ్య కరిగించి అద్దుకోండి. పూసేసినట్టు ఉండకూడదు. పొడి ముఖం మీద ఇదే క్రీము రాస్తే పైన జిడ్డు, లోపల బిగుతు అలాగే ఉంటాయి. పగలు ఇంకా తక్కువ రాసి, పైన సన్‌స్క్రీన్ తప్పకుండా వేసుకోండి. ఈ నూనెలు ఎండని ఆపవు.

నిమ్మరసం, సువాసన తైలాలు దీనిలో కలపొద్దు. వయసు మీద పడిన చర్మం వాటికి తొందరగా మండుతుంది. మొదటిసారి చేసినప్పుడు మోచేతి లోపలివైపు రోజుకి రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూశాకే ముఖానికి వెళ్లండి. దురద, పగుళ్లు ఉన్నా, ఒళ్లంతా ఉన్నట్టుండి పొడిబారినా ముందు డాక్టర్‌కి చూపించండి, థైరాయిడ్ తేడా వల్ల కూడా అలా అవుతుంది.

ముడతలు పోతాయా అని కూడా అడిగారు. నావి పోలేదండి. పొడితనం వల్ల కళ్ల కింద కనిపించే సన్నటి గీతలు మాత్రం మూడు వారాల్లో బాగా తగ్గాయి, కడిగాక వచ్చే ఆ బిగుతు మొదటి వారంలోనే పోయింది.