ముల్లు కిందనే ఉన్నదని మురువకు

బిడ్డా,

సెకండ్ హ్యాండ్ కారు చూసినవని మీ బాపు నిన్న రాత్రి ఫోన్ల చెప్పిండు. నల్లగొండ నుంచి దేవరకొండ బడికి రోజూ నువ్వే నడుపుకుంట పోతవంటే కడుపు నిండినట్టయింది. ఆ వెంటనే ఇంకో మాట చెప్పిండు, ఫోటోలు చూసి పదివేలు అడ్వాన్స్ పంపినవని. ఇగ నిద్ర పడితే ఒట్టు. బర్రెను కొనేటోడు గూడ ఓ పూట పాలు పిండి చూస్తడు గదనే!

కాయితాల సంగతి జల్ది చెప్త. ఆర్సీ మీద అప్పు రాసి ఉంటే, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాక మిగిలిన పైసలియ్యకు. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు నీ ముందటనే కావాలె. ఇన్సూరెన్స్ 14 రోజులల్ల నీ పేరు మీదికి మార్చుకో. చలాన్లుంటే ఆయననే కట్టమను. ఏపీ 24, అంటే తెలంగాణ రాకముందటి నల్లగొండ నంబరు బండైతే ఎంత కొత్తదైనా 2014 నాటిది. 15 ఏండ్ల రిజిస్ట్రేషన్ 2029 దాటదు, అది లెక్కల పెట్టుకొనే ధర అడుగు.

టైరు పక్కన నాలుగంకెలుంటయి. 2319 అంటే 2019ల 23వ వారం తయారైనట్టు. హ్యాండ్ బ్రేక్ గుంజి, మూడో గేరేసి, క్లచ్ మెల్లగ వదులు. ఇంజన్ టక్కున ఆగిపోతే క్లచ్ మంచిగున్నట్టు, ఆగకుండ గుర్రుమంటే ప్లేట్లు అరిగినట్టు. ఇవన్నీ ఏ మెకానికైనా చూస్తడు.

నా భయమంత నీళ్ళతోనే.

ఆ బండి హైదరాబాద్‌దంట. 2020 అక్టోబర్ వానలకు ఆడ ఎన్ని కార్లు మునిగినయో యాదున్నదా? పైకి కడిగి పాలిష్ కొడితే ఎవలికి తెల్వది. సీటు బెల్టును చివరిదాక గుంజి చూడు. లోపల చుట్టుకొని ఉన్న భాగాన్ని ఎవలూ కడగరు, ఆడ మట్టి మరక అట్లనే ఉంటది. సీట్ల కింద బోల్టులకు తుప్పు, స్టెప్నీ గుంటల ఒండ్రు, కార్పెట్ లేపితే ముక్కిన వాసన, వైర్ల కనెక్టర్లల్ల పచ్చటి చిలుం, వీటిల ఒక్కటి కనిపించినా లేచి రా. అడ్వాన్స్ పోతే పోనీ.

రెండోది మన బోరు నీళ్ళు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ మనుషుల బొక్కలను వంచింది. ఇంజన్‌ను తినేది మాత్రం ఆ నీళ్ళల్ల ఉన్న ఉప్పు, సున్నం. ఇంజన్ నీళ్ళను చల్లార్చే రేడియేటర్‌ల బోరు నీళ్ళు పోస్తే, వేడి తగిలినప్పుడల్ల సున్నం విడివడి, పండ్లకు గార పట్టినట్టు సన్న గొట్టాల లోపల పడతది. అంబాసిడర్ కాలంల రాగి, ఇత్తడి రేడియేటర్లుండె. అతుకు కరిగించి, పై ట్యాంకు ఊడదీసి, గొట్టాలల్ల సన్న ఊచ దూర్చి సాఫ్ చేసేటోళ్ళు. ఇప్పటివి అల్యూమినియం, మీద ప్లాస్టిక్ ట్యాంకు. అట్ల చేసేటందుకు లేదు, మార్చుడే.

1999ల కొన్న మారుతి 800తోని నేను చేసిన తప్పు ఇదే. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఎంత ముద్దుగుండె ఆ బండి! జనవరిల, పొద్దుగాల, పది నిమిషాలు నడిపి చూసిన. వేడి చూపే ముల్లు కిందనే ఉన్నది. బండి చల్లగున్నదని మురిసిన. మంచి బండైతే ఐదు పది నిమిషాలల్ల ముల్లు నడిమికి రావాలె, ఆడనే నిలవాలె. ఎక్కలేదంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాక నీళ్ళను రేడియేటర్‌కు పోనియ్యని మూత, లేదనో చెడిందనో అనుమానపడాలె. నా బండి సగం పూడిన రేడియేటర్ తోని వేడెక్కుతుంటే ఎవలో మెకానిక్ ఆ థర్మోస్టాట్‌ను పీకి పారేసిండు. అది లేకుంటే నీళ్ళు ఆగకుండ తిరుగుతయి, చలికాలంల అసలు రోగం బయటపడది. ఏప్రిల్‌ల మీ నానమ్మను ఎక్కించుకొని పోతుంటే చింతపల్లి దాటినంక ముల్లు ఎర్ర గీత ముట్టింది. ఆపి ఊకుంటే అయిపోయేది. బోరింగు నీళ్ళు కొట్టుకొచ్చి మసలుతున్న ఇంజన్‌ల పోసిన. అల్యూమినియం హెడ్డు మీద ఒక్కసారిగ సల్లటి నీళ్ళు పడితే వంకర పోతది. వంకర పోతే హెడ్డు కింద నీళ్ళు, ఆయిల్ కలువకుండ ఆపే గ్యాస్కెట్ పట్టీ కాలి, నీళ్ళు ఆయిల్‌ల కలుస్తయి. మెకానిక్ ఆయిల్ చూసే పుల్ల (డిప్‌స్టిక్) గుంజితే చాయరంగు మీగడ అంటుకొని వచ్చింది.

అందుకే పొద్దుగాల, ఇంజన్ సల్లగున్నప్పుడే రేడియేటర్ మూత తియ్యాలె. వేడి మీద తీస్తే మొఖం కాలుతది, జాగ్రత్త. లోపల పచ్చగనో ఎర్రగనో నీలంగనో తేట కూలెంట్ ఉండాలె. తుప్పు నీళ్ళు, తెల్ల పెచ్చులు, మీద నూనె తేలుడు, ఇవేవీ పనికిరావు. ఆయిల్ పోసే మూత లోపలి దిక్కు గూడ వేలు పెట్టి చూడు. తర్వాత ఎండపూట ఏసీ పెట్టి, నిలబెట్టి ఇరవై నిమిషాలు ఇంజన్ నడవనియ్యి. ఫ్యాను తిరగాలె, ముల్లు నడిమి దాటొద్దు. హీటర్ పెడితే వేడిగాలి కొట్టాలె, సల్లగాలి వస్తే లోపల నీళ్ళు సరిగ తిరుగుతలేవేమో అని అనుమానపడాలె. కొన్ని చిన్న బండ్లకు ముల్లే ఉండదు, సల్లగుంటే నీలి లైటు, బాగ వేడెక్కితే ఎర్ర లైటే. వాటికి స్కానర్ పెట్టిస్తే వేడి అంకెలల్ల కనిపిస్తది.

కొన్నంక కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద రాసినట్టే కలిపి పొయ్యాలె. అవి డిక్కీల ఒక్కో లీటరు ఎప్పుడూ ఉంచు. నడిమిట్ల వేడెక్కితే ఏసీ బంద్ చేసి, ఆపి, నీడకు కూసో. గంటైనా ఫరవాలేదు. బడికి ఆలస్యమైతే హెడ్మాస్టరు తిడితే తిట్టనీ.

ఆదివారం మొదటి బస్సుకొస్త. నేనొచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేటాయనకు చెప్పు. ముందుగాలనే నడిపి వేడి చేసి పెడితే తొలి పొగ తెల్లగొచ్చిందో నీలంగొచ్చిందో మనకు కనిపియ్యది. పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్త. వెచ్చగుంటే చాయ తాగి వచ్చేద్దాం.

మీ పెద్దబాపు