కామెంట్లకు ఎర్రరంగు వేసుకుంటూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. ల్యాబ్‌లో పాత సీ పద్ధతే పాటించాలని, రెండు స్లాష్‌ల (//) కామెంట్లు, అంటే కోడ్‌లో మనుషుల కోసం రాసుకునే వివరణలు, రాయొద్దని సార్ చెప్పారట. ఎవరైనా రాస్తే ఎడిటర్‌లో ఎర్రగా కనబడేలా చేస్తానని రాత్రుళ్లు దానిమీదే కూర్చుంటున్నాడు. విశాఖకు గూగుల్ వస్తోంది కదా, ద్వారకానగర్‌లో ఏఐ కోర్సుకు ఫీజు కూడా కనుక్కున్నాను. చేరనంటున్నాడు. ఏది మంచిది?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: 2025 అక్టోబరులో ఆ ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో గూగుల్ పేరు లేనిది తక్కువ. మీ కంగారు అర్థమైంది: అందరూ ఎక్కేస్తున్న బస్సు మనవాడికి తప్పిపోతుందేమోనని.

కాస్త కటువుగానే అంటాను. ఫీజు ఎంతో కనుక్కున్నారు గానీ, వాడు చేస్తున్నదేమిటో వాడినే అడిగినట్టు మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. సీ భాషకు 1989లో వచ్చిన ప్రమాణంలో స్లాష్-స్టార్ (/* */) కామెంట్లకే చోటుంది. రెండు స్లాష్‌లవి 1999 ప్రమాణంలో చేరాయి. కార్ల సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన మిస్రా నిబంధనలైతే 2004 కూర్పులోనూ వాటిని ఒప్పుకోలేదు. కాబట్టి సార్‌ది చాదస్తమూ కాదు, మీవాడిది కాలక్షేపమూ కాదు. ఇలా నిబంధన తప్పిన చోటు పట్టిచ్చే సాధనాలను లింటర్లంటారు.

ఇవాళ వాడి పక్కన కూర్చుని ఒక్కటి అడగండి: కోట్స్ మధ్య వెబ్ చిరునామా రాస్తే, అందులోని రెండు స్లాష్‌లు కూడా ఎర్రబడుతున్నాయా? "అక్కడే ఆగిపోయాను నాన్నా" అంటే సంతోషించండి. స్లాష్‌లు కనబడగానే రంగు మార్చడానికి ఒక్క లైను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఫలానా అక్షరాల వరసను వెతికే సూత్రం) చాలు. అవి స్ట్రింగ్ (కోట్స్ మధ్య రాసిన మాటలు) లోపలున్నాయా, అప్పటికే తెరిచిన స్లాష్-స్టార్ కామెంట్ మధ్యలో ఉన్నాయా అన్నది తేలాలంటే మాత్రం కోడ్‌ను మొదట్నుంచి అక్షరం అక్షరం చదువుకుంటూ రావాలి. కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) డిజైన్‌లో లెక్సికల్ అనాలిసిస్ అంటే అదే. గేట్ సిలబస్‌లోనూ ఉంది. మిగతావాళ్లు పరీక్ష ముందు బట్టీపట్టేది వీడు అవసరంకొద్దీ నేర్చుకుంటున్నాడు.

ఇక ఏఐ. అది చెడ్డదని అనను, నా అనుమానమల్లా ఈ రెండు మూడు నెలల కోర్సుల మీదే. నేను చూసినవి చాలావరకు ఎవరో రాసిన లైబ్రరీని, అంటే రెడీమేడ్ కోడ్‌ను, పిలిపించి, ఒక గ్రాఫు గీయించి, సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ జోలికే పోవు. ఇంటర్వ్యూలో 'ఈ మోడల్ ఇక్కడెందుకు తప్పింది?' అంటే పిల్లలు నీళ్లు నములుతారు. పైగా మన దగ్గరికి వస్తున్నది డేటా సెంటర్. దానికి ముందు కావాల్సింది కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ తెలిసిన మనుషులు.

రెండో సంవత్సరమే కదా, వాడికి ఏదీ మించిపోలేదు. ఏఐ రాసిచ్చిన కోడ్‌ను సరిచూడటానికీ లింటర్లే నడుపుతున్నారు, ఆ దారి మూసుకుపోదు. గణితం గట్టిపడ్డాక ఏఐ కావాలంటే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటీఎల్‌లో చేరడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

మీరు పట్టుబట్టాల్సినవి రెండే: బ్యాక్‌లాగులు ఉండకూడదు, రాత్రి నిద్ర పోవాలి. ఆ ఎర్రరంగు పనిని గిట్‌హబ్‌లో (కోడ్‌ను అందరికీ కనబడేలా దాచుకునే వెబ్‌సైట్) పెట్టమనండి. ఏది పట్టుకుంటుందో, ఏది ఇంకా పట్టుకోలేకపోతోందో దానితోపాటు పెట్టే పరిచయ ఫైలు రీడ్‌మీలో తెలుగులోనైనా సరే రాయమనండి.