ఎడిసన్‌లో ఇల్లు, ఫిలడెల్ఫియాలో చదువు: పార్ట్‌టైమ్ జీతంపై పన్ను ఏ రాష్ట్రానికి?

మీ అమ్మాయి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియాలో డిగ్రీ చదువుతూ అక్కడే పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తోందనీ, పన్ను లెక్కలో ఆమెను ఏ రాష్ట్ర నివాసిగా చూపాలనీ అడిగారు. న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని మీ ఇల్లే ఆమెకు ఇల్లుగా ఉండి, పెన్సిల్వేనియాలోనే స్థిరపడాలన్న నిర్ణయమేదీ లేనంత కాలం ఆమె న్యూజెర్సీ నివాసే. చదువు కోసం హాస్టల్లో ఉన్నంత మాత్రాన శాశ్వత నివాసం మారదు. మా అబ్బాయి కూడా అక్కడే చదువుతూ ఉద్యోగం చేశాడు కనుక ఈ వ్యవహారం దగ్గరగా చూశాను.

సాధారణంగా పని చేసిన రాష్ట్రం జీతంపై పన్ను వేస్తుంది, సొంత రాష్ట్రం ఆ మేరకు క్రెడిట్ (తన పన్నులో తగ్గింపు) ఇస్తుంది. అయితే న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య పరస్పర ఒప్పందం ఉంది కాబట్టి, జీతం మీద పన్ను న్యూజెర్సీకే చెందుతుంది. అందుకు ఆమె పెన్సిల్వేనియా పన్ను కోయవద్దని తెలిపే ఆర్‌ఈవీ-419 అనే ఫారం నింపి యజమానికి ఇవ్వాలి. మా వాడు ఆ ఫారం ఇచ్చిన తర్వాత కూడా పేస్లిప్‌లో పెన్సిల్వేనియా పేరిట 3.07 శాతం కోత కొన్నాళ్లు కనబడింది. ఏడాది చివర పెన్సిల్వేనియాకు పీఏ-40 అనే పన్ను రిటర్న్ వేసి, న్యూజెర్సీ రిటర్న్ నకలు జతచేస్తే ఆ డబ్బు వెనక్కి వచ్చింది. అందుకే మొదటి పేస్లిప్‌నే చూడమని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఫిలడెల్ఫియా నగర వేతన పన్ను దగ్గర. ఇది రాష్ట్రం పన్ను కాదు, నగరం పన్ను. పై ఒప్పందం దీనికి వర్తించదు కనుక, సుమారు మూడున్నర శాతం చొప్పున విద్యార్థుల జీతంలోనూ కోస్తారు. జీతం, కోసిన పన్నుల వివరాలతో యజమాని ఏటా ఇచ్చే డబ్ల్యూ-2 పత్రంలో 18 నుంచి 20 వరకు ఉన్న గడుల్లో ఇది కనిపిస్తుంది. న్యూజెర్సీ దీనికి క్రెడిట్ ఇస్తుంది గానీ, ఆ ఆదాయంపై తనకు రావలసిన పన్నును మించి ఇవ్వదు. మొదటి 20,000 డాలర్ల వరకు న్యూజెర్సీ రేటు 1.4 శాతమే కనుక క్రెడిట్‌గా కలిసొచ్చేది తక్కువ. ఏడాది ఆదాయం 10,000 డాలర్లు దాటకపోతే న్యూజెర్సీలో పన్నే ఉండదు, కాబట్టి క్రెడిట్ ప్రశ్నే రాదు.

వేసవిలో న్యూయార్క్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే లెక్క మారుతుంది. ఆ రాష్ట్రంతో న్యూజెర్సీకి ఇలాంటి ఒప్పందం లేదు కనుక, అక్కడ నాన్‌రెసిడెంట్‌గా ఐటీ-203 అనే రిటర్న్ వేసి, చెల్లించిన పన్నుకు న్యూజెర్సీలో క్రెడిట్ కోరాలి.

ఆమె మీపై ఆధారపడి, ఏడాది చివరికి 22 ఏళ్లు నిండకుండా, పూర్తికాల విద్యార్థినిగా ఉంటూ, ఖర్చులో కనీసం సగం మీరే భరిస్తుంటే, మీ న్యూజెర్సీ రిటర్న్‌లో అదనంగా 1,000 డాలర్ల మినహాయింపు దొరుకుతుంది. చాలామంది దీన్ని వదిలేస్తున్నారు.

చదువు పూర్తయ్యాక ఆమె ఫిలడెల్ఫియాలోనే ఉద్యోగం తీసుకుని అక్కడే స్థిరపడితే, ఆ తేదీ నుంచి పెన్సిల్వేనియా నివాసి అవుతుంది. ఆ ఏడాదికి రెండు రాష్ట్రాల్లోనూ పాక్షిక సంవత్సర రిటర్న్‌లు వేయాలి కాబట్టి, మారిన తేదీని చూపే లీజు నకలు దాచి ఉంచండి.