34 ఏళ్ళకి యూకేలో టీవీ డ్రామా డైరెక్టర్ అవ్వగలనా?

హైదరాబాద్‌లో సీరియల్స్‌కి అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశా, ఇప్పుడు ఇద్దరు పిల్లలతో యూకే వచ్చా, 34 ఏళ్ళు, లేట్ అయిపోయిందా అని అడిగారు కదా. లేటేం కాలేదండి. నేను లీడ్స్‌లో ఉంటా, ఇక్కడి డ్రామా షూటింగుల్లో కంటిన్యుటీ చూస్తా, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా రాకుండా చూసుకోవడం, తొమ్మిదేళ్ళయింది.

ఇక్కడి టీవీ డ్రామా రైటర్ శాలీ వెయిన్‌రైట్ సంగతి చూడండి. 1963లో హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టింది, కొత్తల్లో బస్సు నడుపుకుంటూ రాసుకుంది, ది ఆర్చర్స్ అనే రేడియో సీరియల్‌కి, తర్వాత కరొనేషన్ స్ట్రీట్ అనే టీవీ సీరియల్‌కి రాసింది. డైరెక్షన్ చేసింది మాత్రం 2014లో వచ్చిన హ్యాపీ వ్యాలీ అనే పోలీస్ డ్రామా మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌తో, అంటే దాదాపు 50 ఏళ్ళప్పుడు! స్క్రిప్టు తనదే కాబట్టి ఆ తలుపు తెరుచుకుంది అని నా నమ్మకం. డైరెక్టర్ ఫిలిపా లోథార్ప్ అయితే డాక్యుమెంటరీల నుంచి వచ్చింది, ఫిక్షన్ డైరెక్షన్‌కి బ్రిటన్‌లో పెద్ద అవార్డయిన బాఫ్టా టీవీ క్రాఫ్ట్ అవార్డు అందుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే, 2013లో, కాల్ ద మిడ్‌వైఫ్ అనే టీవీ డ్రామాకి.

ఇక్కడ సిరీస్ మొత్తానికి ఒకరే డైరెక్టర్ అని ఉండదు చాలాసార్లు, రెండు మూడు ఎపిసోడ్లు కలిపి బ్లాక్ అంటారు, ఒక్కో బ్లాక్ ఒకరికి ఇస్తారు, అందరూ ఫ్రీలాన్సే. ఒక బ్లాక్ అయిపోతే మళ్ళీ పని వెతుక్కోవాల్సిందే, అందుకే మొదటి ఛాన్స్ కన్నా రెండోది కష్టం. నాకు తెలిసిన ఒకావిడని ఇంటర్వ్యూలో "పిల్లలున్నారు కదా, ఆరు వారాల షూట్ ఎలా" అని అడిగారు, అదే పనికి వచ్చిన ఇద్దరు పిల్లల తండ్రిని ఆ మాట ఎవరూ అడగలేదు. నాకిప్పటికీ కోపమే.

ఛాన్స్ రావాలంటే ముందు షాడోయింగ్ అడగండి, అంటే డైరెక్టర్ పక్కనే ఉండి పని చూడటం. నేను చేసింది నవంబర్‌లో, ఇక్కడ ఆ నెల్లో నాలుగింటికే చీకటి పడిపోద్ది, మూడుంబావుకి వాన మొదలైంది, వీధిలో తల్లి ఉత్తరం చదివే సీన్‌కి ఇంకా నాలుగు షాట్లున్నాయి. ఆ డైరెక్టరమ్మ ఒక్క నిమిషం ఆలోచించి ఆర్టిస్టుని కార్లో కూర్చోబెట్టింది, వైపర్లు ఆన్ చేయించింది, ఒక్క షాట్‌లో తీసేసింది. వైపర్లు అద్దం తుడిచినప్పుడల్లా ఆ మొహం కనపడటం, మళ్ళీ నీళ్ళల్లో కలిసిపోవడం... మానిటర్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. హైదరాబాద్‌లో రోజుకి అన్నేసి సీన్లు లాగించిన మీకు ఆ స్పీడ్ ఉంటది, అది ఇక్కడ డైలీ సీరియల్స్‌లో బాగా పనికొస్తది, అక్కణ్ణించే మొదలెట్టండి.

నాకు ఆ షాడోయింగ్ పన్నెండో మెయిల్‌కి దొరికింది. అందులో నా గురించి రెండే లైన్లు, మిగతాదంతా ఆవిడ తీసిన ఒక సీన్ గురించి, అది నాకెందుకు నిద్ర పట్టనివ్వలేదో రాశా.